స్లైడు మూలన కూర్చున్న అంకె

ప్రెజెంటేషన్ మొత్తంలో అతి చిన్న అక్షరాల్లో ఉండేదీ, మీటింగ్ మొత్తంలో ఎక్కువసార్లు నోట పలికేదీ ఒకటే - స్లైడు నంబరు. టైటిల్ ఎవరూ చదవరు. బుల్లెట్లు చదివేది చెప్పేవాడొక్కడే (అదీ మనకి వీపు చూపించి). కానీ "ఒక్కసారి పద్నాలుగో స్లైడుకి వెనక్కి వెళ్దామా" అని ఎవరో ఒకరు అనని మీటింగు నేనింతవరకూ చూడలేదు. అలాంటి అంకెని తీసుకెళ్ళి కుడివైపు కింది మూలన, లేత బూడిద రంగులో, చీమ తలకాయంత సైజులో పెడతారు మన టెంప్లేట్లు చేసేవాళ్ళు. దీని రంగు మార్చటం ఎలా, టైటిల్ స్లైడు మీద తీసేయటం ఎలా, "12 / 40" అని చూపించటం ఎలా అని టీములో కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ అడుగుతూనే ఉంటారు. చెప్పీ చెప్పీ, అసలీ అంకె ఎక్కణ్ణించి వచ్చింది, ఇంత మొండిగా ఎందుకు తయారైంది అని కాస్త తవ్వాను. తవ్వినకొద్దీ కథ వస్తూనే ఉంది.

మొదలు మన తాళపత్రాల దగ్గర పెడదాం. ఆకులకి కన్నం పొడిచి తాడు దూర్చి కడతారు కాబట్టి వరస చెదరదనుకుంటాం. కానీ తాడు తెగుతుంది, నూనె రాయటానికి ఆకులు విప్పాల్సొస్తుంది. అందుకని మార్జిన్లో అంకె వేసేవారు. దక్షిణాదిన ఆకు ముందువైపు, ఉత్తరాదిన వెనకవైపు వేయటం ఆనవాయితీ. ఇక్కడ గమనించాల్సింది, అంకె ఆకుకే గానీ పేజీకి కాదు. రెండు వైపులా రాసినా అంకె ఒకటే. ఐరోపాలోనూ మొదట్లో అంతే. అచ్చు పుస్తకాల్లో ఆకు అంకెలు కనిపించే తొలి పుస్తకాల్లో ఒకటి 1470లో కొలోన్ నగరంలో ఆర్నాల్డ్ థెర్‌హోర్నెన్ అనే ముద్రాపకుడు వేసిన చిన్న ప్రసంగ పుస్తకం. అందులో అంకె కుడి మార్జిన్లో, పేజీ ఎత్తుకి దాదాపు సగంలో ఉంటుంది. మూలన కాదు!

1499లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ఇంకో అడుగు వేశాడు. నికొలో పెరొట్టి రాసిన 'కార్నుకోపియా' అనే బండ పుస్తకానికి ప్రతి పేజీకీ అంకె వేసి, పేజీలో లైన్లకి కూడా అంకెలు వేశాడు. ఎందుకంటే పుస్తకానికి పెద్ద ఇండెక్సు ఉంది, అది పనిచెయ్యాలి. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇదే అనిపిస్తుంది. అంతవరకూ అంకె వరస కోసం, అంటే ఆకులు పేర్చేవాడి కోసం. ఇక్కణ్ణించి అంకె చిరునామా కోసం, అంటే వెతుక్కునేవాడి కోసం. ఈ రెండూ వేర్వేరు పనులు. రెండు పనులూ ఒకే అంకె నెత్తిన పెట్టటం వల్ల వచ్చిన తిప్పలే మిగతా కథంతా.

మనవాళ్ళకి బాగా అర్థమయ్యే ఉదాహరణ చెప్తాను. పంచ్ కార్డుల రోజుల్లో ఒక్కో కార్డుకి 80 కాలమ్స్ ఉండేవి. ఫోర్ట్రాన్‌లో 73 నుంచి 80 దాకా కాలమ్స్‌ని కంపైలర్ పట్టించుకోదు. అక్కడ వరస నంబరు కొట్టుకునేవాళ్ళు. కార్డుల కట్ట చేతిలోంచి జారి నేలమీద పరుచుకుపోతే, ఏరుకొచ్చి సార్టింగ్ మెషీన్లో వేస్తే మళ్ళీ వరసలోకి వచ్చేస్తుంది. కోబాల్‌లో మొదటి ఆరు కాలమ్స్ ఇందుకే. ఇది స్వచ్ఛంగా వరస కోసం వేసిన అంకె. దాని వంక చూసి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు. తర్వాత బేసిక్ వచ్చింది. స్కూల్లో 10, 20, 30 అని లైన్ నంబర్లు వేసి ప్రోగ్రాములు రాసినవాళ్ళు చాలామందే ఉంటారు. అందులో లైన్ నంబరు వరసా అదే, చిరునామా అదే. గోటూ 100 అని రాశాక మధ్యలో లైన్లు ఇరికించాలంటే చోటుండదు. అందుకని రీనమ్ అనే కమాండు పెట్టారు. అది లైన్లకి కొత్త నంబర్లు ఇవ్వటమే కాదు, ఎక్కడెక్కడ గోటూలున్నాయో అవి కూడా సరిచేసేది. ఈ రీనమ్‌ని కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

ఇక స్లైడ్లు. అసలు స్లైడంటే 35 ఎంఎం ఫిల్మ్ ముక్క, చుట్టూ రెండంగుళాల అట్ట చట్రం. 1961లో కొడాక్ కంపెనీ కారుసెల్ ప్రొజెక్టర్ తెచ్చింది. గుండ్రటి ట్రేలో 80 గళ్ళు (ఇక్కడా 80!), ప్రతి గడి పక్కనా అంకె. స్లైడుని తలకిందులుగా పెడితేనే తెరమీద తిన్నగా పడుతుంది. అందుకని చట్రం మీద ఒక మూలన చుక్క పెట్టేవాళ్ళు, బొటనవేలు ఆ చుక్క మీద ఆనేలా పట్టుకుని దించితే సరిగ్గా కూర్చుంటుంది. వరస నంబరు కూడా ఆ చట్రం మీదే పెన్నుతో రాసుకునేవాళ్ళు. అంటే అంకె ఉంది, కానీ తెరమీద లేదు. అది ప్రొజెక్టర్ ఆపరేటర్‌కీ ట్రే సర్దేవాడికీ సంబంధించిన విషయం. చూసేవాళ్ళకి కనిపించేది బొమ్మ మాత్రమే. కొడాక్ 2004లో ఈ ప్రొజెక్టర్లు తయారుచేయటం ఆపేసింది.

ఆఫీసుల్లో మాత్రం 35 ఎంఎం కన్నా ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ ఎక్కువ నడిచింది. పారదర్శకమైన షీట్ల మీద టైపు చేయటమో జిరాక్సు తీయటమో చేసి ఒక్కొక్కటే గాజు మీద పెట్టటం. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కూడా సెమినార్లు చాలాకాలం వీటితోనే నడిచాయి. ఓ.హెచ్.పి. షీట్లు అనేవాళ్ళం. ఇవి కట్టలు తెగిపోయే జాతి. ఫ్యాను గాలికి ఎగిరితే గోవిందా. కాబట్టి మూలన స్కెచ్ పెన్నుతో అంకె వేసుకునేవాళ్ళం. ఇక్కడే ఒక తమాషా జరిగింది. షీటు మీద ఏం రాసినా తెరమీద పడుతుంది కదా! చెప్పేవాడు తనకోసం వేసుకున్న అంకె మొదటిసారిగా వినేవాళ్ళకీ కనిపించటం మొదలైంది. వినేవాళ్ళు ఊరుకుంటారా, "ఆ నాలుగో షీటు మళ్ళీ పెట్టండి" అన్నారు. వరస కోసం వేసిన అంకె చిరునామా అయి కూర్చుంది.

పవర్‌పాయింట్ పుట్టింది సరిగ్గా ఈ షీట్ల ప్రపంచంలోనే. 1984లో రాబర్ట్ గాస్కిన్స్ ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో చేరి 'ప్రెజెంటర్' అనే ప్రోగ్రామ్‌కి ప్రతిపాదన రాశాడు. డెనిస్ ఆస్టిన్ దాన్ని డిజైన్ చేసి కోడ్ రాశాడు, తర్వాత టామ్ రడ్కిన్ చేరాడు. 1987 ఏప్రిల్లో పవర్‌పాయింట్ 1.0 మెకింటాష్ మీద వచ్చింది. నలుపు తెలుపులో, ప్రింటు తీసుకుని షీట్లు చేసుకోవటానికి. తెరమీద చూపించటం దాని అసలు పనే కాదు. అదే ఏడాది జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కోటీ నలభై లక్షల డాలర్లకి కొనేసింది. 1988లో వచ్చిన రెండో వెర్షన్‌తో రంగుల 35 ఎంఎం స్లైడ్లు కూడా సాధ్యమయ్యాయి. ఫైలుని జెనిగ్రాఫిక్స్ అనే కంపెనీకి పంపితే వాళ్ళు ఫిల్మ్ మీదకెక్కించి పంపేవాళ్ళు. లాప్‌టాప్ నుంచి తిన్నగా తెరమీదకి వీడియో పంపించటం గాస్కిన్స్ 1992 ఫిబ్రవరిలో పారిస్‌లో ఒక హోటల్ హాల్లో చేసి చూపించాడు. మనమివాళ ప్రెజెంటేషన్ అంటున్నది అప్పటికి ఇంకా వింతే. (మన దగ్గర కూడా దీనికో చరిత్ర ఉంది లెండి. 1997లో ఢిల్లీలో బిల్ గేట్స్‌ని కలిసినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు లాప్‌టాప్ ముందేసుకుని ప్రెజెంటేషన్ ఇవ్వటం అప్పట్లో పెద్ద వార్త. మరుసటేడు హైదరాబాదులో మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ వచ్చింది.)

ఈ పుట్టుక తెలిస్తే స్లైడు నంబరు ఎందుకలా ఉంటుందో తెలుస్తుంది. అది కాగితం మీది పేజీ నంబరుకి వారసుడు. పాత వెర్షన్లలో మాస్టర్ మీద రెండు హాష్ గుర్తులు ## కనిపించేవి, ప్రింటులో వాటి స్థానంలో అంకె పడేది. తర్వాత అది ‹#› అయింది. 97 నాటికి హెడర్ అండ్ ఫుటర్ అనే డైలాగ్ బాక్సు ఉంది - తేదీ, ఫుటర్, స్లైడు నంబరు, "టైటిల్ స్లైడు మీద వద్దు" అనే టిక్కు. పేర్లు చూడండి, హెడర్ ఏంటి ఫుటర్ ఏంటి, మొత్తం వర్డ్ డాక్యుమెంటు పరిభాష. కానీ వర్డ్‌లో పేజీ నంబరుని రోమన్‌లో కావాలంటే రోమన్‌లో, అక్షరాల్లో కావాలంటే అక్షరాల్లో పెట్టుకోవచ్చు. పవర్‌పాయింట్‌లో ఫాంటు మార్చు, రంగు మార్చు, సైజు మార్చు, ఎక్కడికైనా జరుపు, కానీ అంకె మాత్రం 1, 2, 3 అనే ఉంటుంది. వారసత్వం వచ్చింది గానీ ఆస్తి పూర్తిగా రాలేదన్నమాట.

2007లో మాస్టర్ కింద లేఅవుట్లు వచ్చాయి. అప్పట్నించీ అందర్నీ ఏడిపించే ప్రశ్న ఒకటుంది: "మాస్టర్‌లో నంబరు ఉంది, స్లైడు మీద లేదు, ఎందుకు?" దీనికి జవాబు ఫైలు లోపల ఉంది. మాస్టర్‌లో ఒక ప్లేస్‌హోల్డర్, ప్రతి లేఅవుట్‌లో ఒకటి, ప్రతి స్లైడులో మళ్ళీ ఒకటి. స్లైడులో ఉన్నది తన రూపాన్ని, చోటుని పైవాళ్ళ నుంచి తెచ్చుకుంటుంది. కానీ అసలు స్లైడులో అది లేకపోతే తెచ్చుకునేదెవరు? మన భాషలో చెప్పాలంటే క్లాసు రాశారు గానీ ఆబ్జెక్టు సృష్టించలేదు. ఇన్సర్ట్ మెనూలోకి వెళ్ళి స్లైడ్ నంబర్ టిక్ చేసి 'అప్లై టు ఆల్' కొట్టడమంటే ప్రతి స్లైడులో ఆ ఆబ్జెక్టు పుట్టించటం. ఒక లేఅవుట్‌లో ఎవరో మహానుభావుడు ఆ బాక్సు డిలీట్ చేసి ఉంటే ఆ లేఅవుట్ మీదున్న స్లైడ్లకి ఎంత టిక్ చేసినా రాదు. లేఅవుట్‌లోకి వెళ్ళి 'ఫుటర్స్' టిక్ పెట్టి దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. రంగూ సైజూ మార్చాలన్నా మాస్టర్‌లోనే మార్చండి, స్లైడు మీద మార్చితే ఆ ఒక్క స్లైడే తండ్రి మాట వినటం మానేస్తుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన విషయం. పవర్‌పాయింట్ దగ్గర ఒక్కో స్లైడుకి ఒకటి కాదు, మూడు అంకెలున్నాయి. వీబీఏ మాక్రోలు రాసినవాళ్ళకి తెలిసే ఉంటుంది. స్లైడ్ ఇండెక్స్ అంటే ఫైల్లో ఎన్నోది అని. స్లైడ్ నంబర్ అంటే తెరమీద కనిపించేది (స్లైడ్ సైజు డైలాగులో 'నంబర్ స్లైడ్స్ ఫ్రమ్' దగ్గర 0 పెడితే టైటిల్ స్లైడు సున్నా అయి, అసలు విషయం 1 నుంచి మొదలవుతుంది, ఈ చిట్కా వాడండి). మూడోది స్లైడ్ ఐడీ. ఇది 256 నుంచి మొదలవుతుంది. స్లైడుని ఫైల్లో ఎక్కడికి జరిపినా ఇది మారదు. ఒక స్లైడు నుంచి ఇంకో స్లైడుకి హైపర్‌లింక్ ఇచ్చి, ఆ తర్వాత స్లైడ్ల వరస మొత్తం తారుమారు చేసినా లింకు సరైన చోటికే వెళ్తుంది కదా, ఇందుకే. అంటే బేసిక్ రోజుల రీనమ్ సమస్యని ఫైలు లోపల వీళ్ళు శుభ్రంగా పరిష్కరించేశారు. వరస వేరు, చిరునామా వేరు అని విడదీశారు. కానీ ఆ చిరునామాని మనిషికి ఎక్కడా చూపించలేదు! మనిషికి చూపించేది ఆ మారిపోయే అంకె ఒక్కటే.

ఇదేదో సిద్ధాంత చర్చ అనుకోకండి. ఆఫ్‌షోర్ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకి ఇది బతుకు సమస్య. 2000ల్లో మన కాల్స్ ఎలా ఉండేవో గుర్తుందా? స్క్రీన్ షేరింగ్ పనిచేస్తే అదృష్టం. డెక్‌ని ముందే మెయిల్ చేసేవాళ్ళు, రాత్రి తొమ్మిదింటికి కాన్ఫరెన్స్ రూములో నక్షత్రం ఆకారపు ఫోను చుట్టూ కూర్చునేవాళ్ళం. అవతలివాళ్ళు ఏ స్లైడులో ఉన్నారో తెలిసేది ఆ అంకె వల్లే. "మూవింగ్ టు నైన్" అనగానే ఇక్కడ ఆరుగురం కలిసి పేజ్ డౌన్ కొట్టేవాళ్ళం. నంబర్లు లేని డెక్ వస్తే ఆకాశరామన్న ఉత్తరం చేతికొచ్చినట్టే, ఎవరు ఎక్కడున్నారో దేవుడికే తెలియాలి.

అలాంటి రోజుల్లో మా పక్క టీముకి జరిగింది చెప్తాను. కొండవీటి చాంతాడంత రిక్వైర్‌మెంట్స్ డెక్. మీటింగ్ మినిట్స్‌లో "స్లైడ్ 22లో చెప్పినట్టు చేయటానికి అంగీకారం" అని రాశారు. రెండు వారాల తర్వాత క్లయింట్ వైపు ఎవరో డెక్‌లో ముందు భాగంలో మూడు స్లైడ్లు చేర్చి కొత్త కాపీ పంపారు. పేరు మాత్రం అదే. కొత్త డెక్‌లో 22వ స్లైడు, పాత డెక్‌లో 19వది. అది కూడా రిపోర్టుల గురించే, కానీ వేరే రిపోర్టులు. ఆ టీములో కొత్తగా చేరిన కుర్రాడు మినిట్స్ చూసి, సర్వర్ మీదున్న డెక్ తెరిచి, 22వ స్లైడులో ఉన్నది ఉన్నట్టు చేసేశాడు. వాడి తప్పేముంది చెప్పండి? బయటపడేసరికి డెలివరీ నాలుగు రోజుల్లో ఉంది. టీము మొత్తం శని ఆదివారాలు ఆఫీసులోనే. అందులో ఒకతని చెల్లెలి నిశ్చితార్థం ఆ ఆదివారమే, ఫోన్లోనే ఆశీర్వదించాడు పాపం. గోటూ 22 అని రాశాం, నంబర్లు మారాయి, మినిట్స్‌లో ఉన్న గోటూని సరిచేసే రీనమ్ లేదు.

వకీళ్ళకి ఈ తెలివి ఎప్పుడో వచ్చింది. అమెరికాలో ఎడ్విన్ బేట్స్ 1890ల్లో పేటెంటు తీసుకున్న నంబరింగ్ మెషీన్ ఒకటుంది, కాగితం మీద గుద్దినప్పుడల్లా తనంతట తానే ఒక అంకె పెరుగుతుంది. కోర్టు కాగితాల మీద ఆ ముద్ర ఒకసారి పడిందంటే, ఆ కాగితం ఏ కట్టలో ఎక్కడున్నా అంకె అదే. ఇప్పటికీ బేట్స్ నంబర్లనే పిలుస్తారు. పేజీ నంబరు వేరేగా ఉంటుంది, దాని దారి దానిది.

దాచిన స్లైడ్ల సంగతి ఇంకోటి. 'హైడ్ స్లైడ్' కొట్టిన స్లైడు షోలో కనపడదు, కానీ లెక్కలో ఉంటుంది. 7 తర్వాత 9 వస్తుంది. వింటున్నవాళ్ళలో ఒక్కడైనా చూస్తాడు, "ఎనిమిదిలో ఏముంది?" అంటాడు. సాధారణంగా అందులో ఉండేది ధర. దాచాలంటే చివరికి జరిపి దాచండి, మధ్యలో వద్దు.

"12 / 40" అని మొత్తం చూపించటం దగ్గర సాఫ్ట్‌వేర్లు దారులు చీలిపోయాయి. ఇన్నేళ్ళలో పవర్‌పాయింట్ మొత్తం స్లైడ్ల సంఖ్యకి ఒక ఫీల్డు ఇవ్వనే లేదు. మాస్టర్‌లో ‹#› పక్కన "/ 40" అని చేత్తో టైపు చేసుకోవాలి, స్లైడు చేర్చినప్పుడల్లా మార్చుకోవాలి, లేదా మాక్రో రాసుకోవాలి. లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో స్లైడ్ కౌంట్ అని ఫీల్డే ఉంది, రోమన్ అంకెలు, అక్షరాలు కూడా పెట్టుకోవచ్చు. జనం వాడని సాఫ్ట్‌వేర్‌లో సౌకర్యాలు ఎక్కువుండటం మన రంగంలో మామూలే. లేటెక్ వాడేవాళ్ళకి బీమర్ ఉంది. టిల్ టంటౌ అనే ఆయన 2003లో తన పీహెచ్‌డీ డిఫెన్స్ కోసం రాసుకుని, తర్వాత అందరికీ ఇచ్చాడు. అందులో నాకు నచ్చిన విషయం, ఫ్రేము వేరు, పేజీ వేరు అని గుర్తించటం. ఒక ఫ్రేములో బుల్లెట్లు ఒక్కొక్కటే వచ్చేలా చేస్తే పీడీఎఫ్‌లో ఐదు పేజీలవుతాయి, కానీ ఫ్రేము నంబరు ఒకటే. తాళపత్రంలో ఆకు నంబరు లాగా! మొత్తం కూడా చూపిస్తుంది. బ్యాకప్ స్లైడ్లు మొత్తంలో కలిసిపోయి "20 / 55" అని జనాన్ని భయపెట్టకుండా, అనుబంధం ముందే లెక్క ఆపేసే ప్యాకేజీ కూడా ఎవరో రాసిపెట్టారు.

మొత్తం చూపించాలా వద్దా అనేదాంట్లో నా అభిప్రాయం నాకుంది. కాన్ఫరెన్స్ ఉపన్యాసమైతే వద్దు, "6 / 70" చూసినవాడు ఏడో స్లైడుకి ఫోను తీస్తాడు. పనిచేసే మీటింగయితే తప్పకుండా ఉండాలి, తన దగ్గరున్న కాపీ అదేనా కాదా అని అవతలివాడు సరిచూసుకోవటానికి అంతకన్నా సులభమైన దారి లేదు. పై కథలో ఆ డెక్ మీద "22 / 58" అని ఉండి, మినిట్స్‌లో "22 / 55" అని రాసి ఉంటే ఆ కుర్రాడికి ఒక నిమిషంలో అనుమానం వచ్చేది. అసలు నంబరే వద్దు, తెర ఖాళీగా అందంగా ఉండాలి అనే డిజైనర్లతో మాత్రం నాకు పేచీ. స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఎవరూ లేచి "తొమ్మిదో స్లైడు మళ్ళీ చూపించండి" అనలేదు కాబట్టి ఆయనకి చెల్లింది. మనల్ని అంటారు. అన్నప్పుడు 9 నొక్కి ఎంటర్ కొట్టండి, షోలో తిన్నగా అక్కడికే వెళ్తుంది. బాణం కీ పట్టుకుని ముప్పై స్లైడ్లు వెనక్కి దొర్లించేవాళ్ళని చూస్తే ఇప్పటికీ జాలేస్తుంది.

నేను ఇప్పుడు పాటిస్తున్నది చెప్తాను, నచ్చితే వాడుకోండి. నంబరు కనీసం 14 పాయింట్లలో, ముదురు రంగులో, కుడివైపు పైన (కింద పెడితే ముందు వరసలో కూర్చున్నవాళ్ళ తలలు అడ్డొస్తాయి). టైటిల్ స్లైడు సున్నా. పక్కనే చేత్తో వేసిన వెర్షన్ తేదీ. నిర్ణయాలు జరిగే స్లైడ్లకి మాత్రం టైటిల్ ముందు "ని-1", "ని-2" అని మారని పేరు ఒకటి పెడతాను, మినిట్స్‌లో రాసేది ఆ పేరే. స్లైడ్ ఐడీ చూపించని సాఫ్ట్‌వేర్‌కి నా సొంత స్లైడ్ ఐడీ అన్నమాట.

ఇంకొక్క సంగతి మిగిలింది, తెలుగు అంకెలు. ౧, ౨, ౩ యూనికోడ్‌లో మొదటి వెర్షన్ నుంచీ ఉన్నాయి. 2008లో వచ్చిన 5.1 వెర్షన్‌లో మన పాత భిన్నాల గుర్తులు కూడా చేరాయి. అయినా పవర్‌పాయింట్ స్లైడు నంబరు డైలాగులో తెలుగు అంకెలనే మాట ఎక్కడా కనపడదు. తెలుగు సంఘాల కార్యక్రమాలకి స్లైడ్లు చేసేవాళ్ళు ఈ మాట అడుగుతుంటారు. ఒక పది పదిహేను లైన్ల మాక్రోతో పని జరుగుతుంది: ప్రతి స్లైడులో నంబరు ప్లేస్‌హోల్డర్ పట్టుకుని, స్లైడ్ నంబర్‌లో ఒక్కో అంకె విలువని తెలుగు సున్నా కోడ్ అయిన 3174కి కలిపి తిరిగి రాయటమే. అలా రాసింది ఇక ఫీల్డు కాదు, మామూలు అక్షరాలు. స్లైడ్లు జరిపినప్పుడల్లా మాక్రో మళ్ళీ నడపాలి. మర్చిపోతే ౭ తర్వాత ౫ వస్తుంది, అయితే తెలుగు అంకెలు చదవగలిగినవాళ్ళు హాల్లో ఎంతమందుంటారు కనుక!